ఖాసిం సాబ్‌కు సన్న గొంతు కావాలి

తాను బిగించిన ఫోనును తానే నమ్మని లైన్‌మ్యాన్ ఖాసిం సాబ్. ఆదోనిలో రిసీవరెత్తితే ఎక్స్ఛేంజి ఆపరేటరు "నంబరెంత?" అని పలకరించే కాలం అది. ఖాసిం సాబ్ మేకులు కొట్టి, వైరు లాగి, ఫోను పెట్టి, అందరూ హమ్మయ్య అనుకునేసరికి, "ఉండప్పా, టెస్టు కాలేదు" అనేవాడు. ఆ టెస్టుకు ఆయనకు సన్న గొంతు మనిషి కావాలి.

"నువ్వే మాట్లాడొచ్చు కదా సాబ్" అంటే, "నా గొంతు వైరు లేకున్నా ఎమ్మిగనూరుకు ఇనపడతాది. అది ఫోను గొప్పతనం ఎట్లయితాది?" అనేవాడు.

తాలూకాఫీసులో తాసిల్దారు స్వయంగా మాట్లాడబోతే, "మీది ఆర్డరేసే గొంతు సార్. వైరు భయపడి పనిచేస్తాది" అని ఆపి, వరండాలో అర్జీ పట్టుకుని కూర్చున్న ముసలమ్మను పిలుచుకొచ్చాడు. ఒక డాక్టరు గారి దగ్గరైతే, జ్వరంతో బల్ల మీద పడుకున్న గోనెగండ్ల రైతును లేపాడు. "బాగా నీరసంగా ఉండాడు. ఇట్లాంటోడు దొరకడం కష్టం" అని మురిసిపోయాడు కూడా. ఒక్కో టెస్టు పావుగంట సాగేది. ఊళ్ళో ఏ పని ఆలస్యమైనా "టెస్టింగులో ఉంది" అనడం అందరికీ అలవాటైపోయింది.

డెబ్బై తొమ్మిదిలో, పత్తి బండ్లు బారులు తీరే రోజుల్లో, ఆయన నాగన్న సావుకారు జిన్నింగు మిల్లుకు వచ్చాడు. ఆఫీసు ఫోనుకు తోడు, పత్తి తూచే కాటా పక్క గదిలో ఇంకో ఫోను పెట్టాలి. పదకొండుకు సావుకారు వచ్చి అక్కణ్ణుంచే బొంబాయికి మాట్లాడతాడు. ఆలోపు పని ముగించే పూచీ గుమాస్తా సోమప్పది.

సోమప్పకు ఆ ఉదయం ఇంకో తలనొప్పి కూడా ఉంది. పత్తి ఏరే సుంకమ్మ ఆయన బల్ల ముందు నుంచి కదలడం లేదు.

"మా పాపను నిన్న ఎమ్మిగనూరు ఆస్పత్రిలో చేర్చినారంటప్పా. తొలి కాన్పు. నన్ను పంపియ్యి."

"సీజను సుంకమ్మా. నిన్ను పంపితే పదిమంది అడుగుతారు. సావుకారు నన్నే పంపేస్తాడు."

ఆస్పరి ఊరి దాకా వినిపించే గొంతున్న మనిషి, "సరేలేప్పా" అని గొణిగి పోయి పత్తికుప్ప దగ్గర కూర్చుంది. నిచ్చెన మీది ఖాసిం సాబ్ మాత్రం సుత్తి ఆపి అటే చూశాడు.

పదిన్నరకు ఫోను సిద్ధమైంది. సోమప్ప ఎత్తితే ఆపరేటరు గొంతు ఖంగుమంది.

"ఐపోయినట్టే కదా సాబ్?"

"టెస్టు కాలేదప్పా. సుంకమ్మను పిలు."

"సుంకమ్మదా సన్న గొంతు? మిషన్లు ఆడుతున్నా ఆమె తిట్లు ఇనపడతాయి."

"లైన్‌మ్యాను నువ్వా, నేనా?"

సుంకమ్మ వచ్చింది. ఖాసిం సాబ్ ఎమ్మిగనూరు ఆపరేటరును పట్టుకున్నాడు. "యేసేపూ, నేనప్పా ఖాసింను. టెస్టింగు. ఆస్పత్రికి కలుపు. సుంకమ్మ అల్లుణ్ణి పిలిపియ్యి."

సోమప్ప తెల్లబోయాడు. అర్జీ ముసలమ్మ ఆ రోజు ఫోనులో పత్తికొండలో ఉన్న కూతురి బాగోగులు అడిగిందని ఎవరో చెబితే తాను నవ్వి వదిలేసిన మాట గుర్తొచ్చింది.

సుంకమ్మ రిసీవరును రెండు చేతులా పట్టుకుంది. దారంపోగంత గొంతుతో, "పాప ఎట్లుందప్పా?" అంది.

"సూస్తివా, ఎంత సన్నగుందో" అన్నాడు ఖాసిం సాబ్.

అప్పుడే సావుకారు జీపు దిగాడు. "ఫోను తయారైందా సోమప్పా?"

పదిహేనేళ్ళ నౌకరీలో సావుకారుకు ఒక్క అబద్ధం చెప్పని సోమప్ప గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇంకా టెస్టింగు సామీ. సన్న గొంతుతో సూడాలంట."

మాట పూర్తి కాకముందే లోపల్నుంచి కేక. "ఆడబిడ్డంటప్పా, తల్లీబిడ్డా బాగుండారంట!"

కాటా దగ్గర హమాలీలు మూట వదిలేశారు. సావుకారు ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఇదా సన్న గొంతు?"

"మొదట్లో సన్నగానే ఉండె సామీ" అన్నాడు సోమప్ప. ఆ ఊపులోనే, సావుకారు ఎదుటే, సుంకమ్మను మధ్యాహ్నం బస్సుకు పొమ్మన్నాడు.

బొంబాయి మాటలు ముగిసి సావుకారు వెళ్ళాక, ఖాసిం సాబ్ సంచి సర్దుకుంటూ గొణిగాడు. "ఈ లైను మీద నాకింకా నమ్మకం కుదర్లేదప్పా. ఇంకో సన్న గొంతుంటే సూడు."

సోమప్ప కాటా వైపు చూశాడు.

"హమాలీ హనుమన్న ఉండాడు సాబ్. వాళ్ళమ్మ ఆలూరులో ఉంటాది."