ఒరకు పెట్టిన బొట్టు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, వానలు తగ్గుముఖం పడుతున్న సెప్టెంబరు నెలాఖరులో నాకో కొత్త పని అప్పగించారు. బర్మాలో, యాంగాన్ నగరపు సేక్కాన్ రేవు పక్కనున్న ఒక ప్రైవేటు మ్యూజియంలో అప్పటికి నేను సీనియర్ కన్సర్వేటర్ని. అమెరికా గుర్రపుదళాలు పడమటి సరిహద్దుల్లో తిరిగిన కాలం నాటి రెండు రివాల్వర్లు, ఏడు తోలు ఒరలు పరిశీలించి ప్రదర్శనకు సిద్ధం చేయాలి. కన్సర్వేటరంటే పాత వస్తువును కొత్తగా చేసేవాడు కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు ఇంకో వందేళ్ళు నిలబెట్టేవాడు. ఈ తేడా బయటివాళ్ళకు చెప్పడం కష్టం. మా ఆవిడ లెక్కలో నేను ముప్పై ఏళ్ళు దుమ్ము దులిపి జీతం తీసుకున్నాను.

వాటి యజమాని ఊ టిన్ లే, ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా చేసి దిగిన పెద్దమనిషి. ఓడ అమెరికా రేవుల్లో ఆగినప్పుడు తోటివాళ్ళు బట్టల కొట్లకు పోతే, ఈయన పాత సామాన్ల కొట్లకు పోయేవారట. రివాల్వర్ల గొట్టాలు మూసేయించి, పేలే భాగాలు తీయించి, అనుమతి కాగితాలతో ఇంటికి తెచ్చుకున్నారు. కానీ ఆయన ప్రాణమంతా ఒరల మీదే. ఇనుమునైతే అందరూ దాచుకుంటారు, తోలును ఎవరూ దాచుకోరు అనేవారు.

అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. చూపు దాదాపు పోయింది. దానపత్రం మీద సంతకం కాలేదు కాబట్టి వస్తువులు మా దగ్గర నిక్షేపం కింద ఉన్నాయి. అంటే మా బీరువాలో ఉన్నా సొంతదారు ఆయనే. ప్రతి శనివారం వచ్చి ఒక్కొక్క ఒరనూ వేళ్ళతో తడిమి చూసుకునేవారు. తొడుగులు లేకుండా వస్తువును ముట్టుకోవడం మా రూలుకు విరుద్ధం. అయినా కళ్ళు లేని మనిషికి వేళ్ళు కూడా వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఏడింటిలో ఒక ఒరకు మాత్రమే దాని సొంత రివాల్వరు జతగా దొరికింది. నల్ల తోలు, పైన మడత మూత, మూత మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో అమెరికా సైన్యం ముద్ర, మూలన తనిఖీదారు పొడి అక్షరాలు. నడుముకు కుడివైపు, పిడి ముందుకు ఉండేలా కట్టుకునే రకం. కుడిచేతిలో కత్తి ఉంటుంది కనుక పిస్తోలు ఎడమచేత్తో లాగాలని అలా చేశారని ఊ టిన్ లే చెప్పేవారు. దాని వెనకవైపు తోలుకు ఎర్రకుళ్ళు మొదలైంది. చెట్టు బెరడు కషాయంతో పదును చేసిన పాత తోలు ఎర్రటి పొడిగా రాలిపోవడాన్ని అలా అంటాం. ఆ స్థితిలో నూనె తగలకూడదు. నూనె తాగిన తోలు నాలుగు రోజులు మెత్తబడుతుంది, తర్వాత నల్లబడి గట్టిపడుతుంది, యాంగాన్ వానలకు బూజు పడుతుంది.

మా తాత ఈ రేవులోనే మూటలు మోసిన కూలీ. విజయదశమి నాడు కూలీలంతా తమ కొక్కేలు కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టేవారని నాన్న చెప్పేవాడు. ఆ అలవాటును నేను మా వర్క్‌షాపుకు తెచ్చాను. ఏటా ఆ రోజు బ్లేళ్ళకూ బ్రష్షులకూ మైక్రోస్కోపుకూ బొట్లు పెట్టేది నూకాలప్ప. నది అవతలున్న దలా నుంచి రోజూ రేవు దాటి వచ్చి వర్క్‌షాపు శుభ్రం చేసే మనిషి. నాకంటే పెద్దది, మా శ్రీకాకుళపు వరసలో అప్ప, అంటే అక్క. మొగుడూ పిల్లలూ లేరు. ఆ ఉద్యోగం పోతే ఇంకొకటి దొరికే వయసు కాదు.

బొట్లు పెట్టకముందే మ్యూజియం వస్తువులన్నీ బీరువాలో పెట్టి తాళం వేయాలి. అది నా పని. ఆ ఏడు విజయదశమి శుక్రవారం పడింది. సరిగ్గా సర్దే వేళకు ఒక ఫోను వచ్చింది. ఆ నల్ల ఒర ట్రేలో బల్ల మీదే ఉంది. పక్కగదిలోకి వెళ్తూ, బల్ల మీదున్న అన్నిటికీ పెట్టెయ్ అప్పా అన్నాను.

తిరిగొచ్చేసరికి ఒర నిగనిగలాడుతోంది. మూత మీద మూడు వేళ్ళ పసుపు, మధ్యలో కుంకుమ. గదంతా నువ్వులనూనె వాసన.

"ఎండిపోయి బిగుసుకుపోనాది బాబూ, పాపం. ఆయుదం ఒర కదా అని కూసింత నూనె రాసినాను," అంది సంతోషంగా.

నా మొహం చూశాక ఆ సంతోషం ఆగిపోయింది. సాయంత్రం దాకా అద్దుడు కాగితాలతో నూనె అద్ది తీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. నిక్షేపం వస్తువుకు నష్టం జరిగిందని యజమాని రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, బాధ్యుల్ని ఆ రోజే తీసేయాలని రూలు. డైరెక్టరు సోమవారం దాకా ఊళ్ళో లేరు. మర్నాడు శనివారం. ఆయనకు చూపు లేదు కదా, నేను చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అనే ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

ఊ టిన్ లే వచ్చి కూర్చున్నారు. మిగతా ఒరలు చూశాక ఇది అందించాను. రెండు వేళ్ళు మూత మీద జరిగి ఆగిపోయాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

ఎవరు, అని బర్మీలో అడిగారు. అంతే.

నేను నోరు తెరిచేలోగా నూకాలప్ప తుడిచే గుడ్డ పట్టుకునే ముందుకొచ్చింది. పుట్టింది ఇక్కడే అయినా, కంగారులో ఆవిడకు బర్మీ రాలేదు. "నానే బాబూ. ఆ బాబుది తప్పు కాదు."

నేను బర్మీలో చెప్పాను. అది మా విజయదశమి పూజ అని, ఒరను బల్ల మీద వదిలింది నేనేనని, బొట్టు పెట్టమన్నది కూడా నేనేనని చెప్పాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నువ్వులనూనె వ్యవహారంలో నా పిడికిలే పెద్దది.

ఆయన నా మాట పట్టించుకున్నట్టు లేదు. ఏమని మొక్కుకుందో అడగండి సయా, అన్నారు. సయా అంటే మాస్టారు. బర్మావాళ్ళు పువ్వు పెట్టినా దీపం పెట్టినా ఒక కోరిక చెప్పుకుంటారు. ఆయనకు అది మామూలు ప్రశ్న. నాకు మాత్రం ఒక రోజంతా ఆ ప్రశ్నే తట్టలేదు.

"ఏటి మొక్కుతాను బాబూ," అంది నూకాలప్ప. "బ్రష్షులకి పని బాగా సాగాలని మొక్కినాను. దీనికి మాత్తరం, తల్లీ, నీ వల్ల ఎవులికీ దెబ్బ తగలకుండా సల్లగుండు అని మొక్కినాను. ఒర కదా. మూసుంచడమే కదా దాని పని."

మాట పొల్లుపోకుండా బర్మీలోకి మార్చాను. ఆయన ఒరను ఒళ్ళో పెట్టుకున్నారు. దీన్ని అమ్మినవాడు ఇందులోని పిస్తోలు ఎంతమందిని చంపిందో చెప్పి అమ్మాడు, నేనూ అందరికీ అదే చెప్పుకుంటూ వచ్చాను, అన్నారు. తర్వాత, బొట్టు ఎక్కడుంది అని అడిగారు. నూకాలప్ప గుడ్డ కింద పడేసి, చెయ్యి చీరకు తుడుచుకుని, ఆయన వేలు పట్టుకుని మూత మీద ఆనించింది. "ఇక్కడ బాబూ."

ఇద్దరు ముసలివాళ్ళు ఒక తోలుముక్క మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన ఫిర్యాదు రాయలేదు. దానపత్రం మీద సంతకం చేస్తూ, బొట్టు తుడవొద్దని ఒక్క షరతు రాయించారు. డైరెక్టరు నాకు మెమో ఇచ్చారు. అది న్యాయమే. నూకాలప్ప ఓపిక ఉన్నన్నాళ్ళూ పనిచేసి, తనంతట తనే మానేసింది.

ప్రతి వస్తువుకూ మేము ఒక చికిత్సా పత్రం రాయాలి. ఏ పదార్థం వాడారు, ఎంత, ఎవరు, ఏ ఉద్దేశంతో అని గడులుంటాయి. చివరి గడిలో ముప్పై ఏళ్ళుగా చెయ్యి అలవాటు కొద్దీ 'పరిరక్షణ' అని రాసేవాణ్ణి. ఈ పత్రంలో పదార్థం దగ్గర నువ్వులనూనె, పసుపు, కుంకుమ అని రాశాను. ఎవరు అన్నచోట నూకాలప్ప పేరు, ఆదేశించినవాడిగా నా పేరు రాశాను. ఉద్దేశం దగ్గర, దీనివల్ల ఎవరికీ దెబ్బ తగలకూడదని, అని రాశాను.

నూనె వల్ల మంచి జరిగిందని నేను చెప్పను. తోలు ఆ మేరకు నల్లబడింది, ఇక తిరిగి రాదు. పాత తోలుకు నూనె రాయకూడదు. వస్తువును బల్ల మీద వదలకూడదు. నష్టం జరిగితే, చేసిన చెయ్యి ఏం చేయాలనుకుందో ముందు అడిగి, అది కూడా రాసుకోవాలి. ఆ గదిలో ఆ మాట అడగాల్సిన ఉద్యోగం నాది. అడిగింది ఆయన.