గ్లాసులోని రెల్లు బద్ద

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ ఒక్క రోజు పేజీని ఖాళీగానే వదిలేశాను. ఈ ఉదయం క్లినిక్‌లో గొంతు చూసేటప్పుడు నాలుకను అదిమిపెట్టే చెక్క పుల్లల పెట్టె కొత్తది విప్పుతుంటే, ఆ కర్ర వాసనకు నా చేతులు కాసేపు ఆగిపోయాయి. కిటికీ అవతల మస్కట్‌లోని ఖురం తీరాన, సముద్రం మీద పలుచని మసక, ఆ మసకలోంచి అయిదేళ్ళ కిందటి ఒక గదీ, ఒక నీళ్ళ గ్లాసూ మెల్లగా తేలి వచ్చాయి.

అప్పుడు మస్కట్‌కు వచ్చి ఏడాది కూడా కాలేదు. కొల్లేటి ఒడ్డు పిల్లను, నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టేవి, తీరిక దొరికితే పుస్తకం వెనక దాక్కునేదాన్ని. ఆస్పత్రిలో ఊపిరితిత్తుల వార్డులో నర్సు డ్యూటీ. ఆ చలికాలం న్యుమోనియాతో చేరిన రోగుల్లో డెబ్బైకి దగ్గర పడ్డ ఒక స్పెయిన్ దేశస్థుడు ఉండేవాడు. ఖురంలోని ఒక హోటల్లో సాయంత్రాలు సాక్సోఫోన్ వాయించడానికి ఆరు నెలల ఒప్పందం మీద వచ్చాడట. వార్డులో అందరూ గది నంబరుతో పిలిస్తే, నేను మటుకు మనసులో మాస్టారు అనుకునేదాన్ని.

ఊపిరి బలపడటానికి మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇస్తాం, గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు ఒకటొకటిగా లేస్తాయి. ఒకే స్వరాన్ని నిమిషం పాటు నిలిపిన ఆ మనిషికి రెండో బంతి లేచేది కాదు. అలిసి ఆగినప్పుడల్లా తన జీవితంలోంచి ఒక ముక్క చెప్పేవాడు. చేపల పడవల రేవు ఊళ్ళో పుట్టడం, పండగ ఊరేగింపు బ్యాండులో చిన్నతనాన క్లారినెట్ పట్టుకుని వెనక వరసలో నడవడం, పెద్దయ్యాక నేలమాళిగల్లాంటి క్లబ్బుల్లో జాజ్ నేర్చుకోవడం, ఇదేం సంగీతమని తండ్రి రెండేళ్ళు మాట్లాడకపోవడం, ఓడల మీద వాయిస్తూ తిరగడం, సినిమాలకు బాణీలు కట్టడం, వాటి మీద తన పేరు చాలాసార్లు లేకపోవడం. గదికి వెళ్ళాక అవన్నీ డైరీలో రాసుకుంటుంటే, నాతో హాస్టల్ గదిలో ఉండే భీమవరం అక్క, "ఏంటే, బైబిల్ చదూకోమంటే ఆ తాత పురాణం రాత్తన్నావా?" అని ఎగతాళి చేసేది.

ఆ పడక మీదే, భోజనాల చీటీల వెనక గీతలు గీసుకుని ఆయన కొత్త పాటొకటి కట్టాడు. చిన్నప్పటి బ్యాండు వీధి మలుపు తిరిగాక గాలిలో మిగిలే శబ్దం అదని చెప్పాడు. దాన్ని వాయించడానికి శుక్రవారం సాయంత్రం నర్సు తోడుగా రెండు గంటలు హోటల్‌కు వెళ్ళి రావచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. ఆ రోజు వాయించలేకపోతే వాద్యాన్ని హోటల్లో పియానో వాయించే స్నేహితుడికి ఇచ్చేసి, మళ్ళీ ముట్టనన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు.

మంగళవారం ఆ స్నేహితుడు సాక్సోఫోన్ పెట్టె తెచ్చిచ్చాడు. బుధవారం పొద్దున డాక్టరు గొంతు చూసి వెళ్ళాక నేను గది సర్దడానికి వెళ్ళాను. మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నాడు. బల్ల మీద గ్లాసు నీళ్ళలో పలుచని చెక్క బద్ద ఒకటి నిలబడి ఉంది. నోట్లో పెట్టిన పుల్లను మరుక్షణం ఆస్పత్రి చెత్త వేసే పసుపు డబ్బాలో వెయ్యాలని చదువుకున్న రోజుల్నుంచీ మా చేతులకు అలవాటు. డాక్టరు వాడి వదిలేసిన పుల్లే అనుకున్నాను, ఆలోచించనే లేదు, తీసి వేసేశాను.

మధ్యాహ్నం ఆయన వెతుక్కుంటుంటే తెలిసింది. మన సన్నాయికి పీక ఎలాగో సాక్సోఫోన్‌కు ఆ రెల్లు బద్ద అలాగ; మా కొల్లేటి కిక్కిసలాంటి గడ్డితోనే చేస్తారు. వారాల తరబడి వాయించి మెత్తబడినది అదొక్కటే, నీరసించిన ఊపిరికి పలికేదీ అదొక్కటే. పెట్టెలో ఉన్నవి కొత్తవి, గట్టివి. అప్పటికే చెత్త సంచి మూతి కట్టి తీసుకుపోయారు. ఇన్‌ఛార్జి సిస్టర్, వార్డు గదులు ఊడ్చే జగిత్యాల అన్నను నిలదీసింది. ఆయన నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు సిస్టరమ్మా. నేను బల్ల మీది సామాను అసలే ముట్ట. కంపెనీకి రాసిచ్చిన్రంటే ఇంటికి పంపుతరు," అన్నాడు. నాలుక మీద మాట ఉంది. ఎవరో పుల్లతో అదిమిపెట్టినట్టు అది లేవలేదు.

మర్నాడు మాస్టారే ఇన్‌ఛార్జిని పిలిచి, అది తన చేతిలోనే విరిగిందనీ, తానే పారేసి మరిచిపోయాననీ చెప్పాడు. జగిత్యాల అన్న గండం గడిచింది. వయసు మీద పడి మాస్టారు నిజంగానే అలా అనుకుంటున్నాడని నన్ను నేను నమ్మించుకున్నాను. కొత్త బద్దను అరగదీసి పలుచన చేసుకోవడానికి ఆయన గరుకు కాగితం అడిగితే, అక్క గోళ్ళు రుద్దుకునే ఫైలు తీసుకెళ్ళాను. "రంగు కూడా వేసిరా తాత గోళ్ళకి," అంది అక్క. రెండు రోజులు ఆయన రుద్దుతూ, వెలుతురుకు ఎత్తి చూస్తూ, మళ్ళీ రుద్దుతూ ఉంటే, ప్రతి రాపిడీ నా వీపు మీద పడ్డట్టుండేది.

శుక్రవారం తోడు వెళ్ళింది నేనే. హోటల్ హాల్లో గుమ్మం పక్కన నిలబడ్డాను. పాట నెమ్మదిగా లేచింది, దూరపు వీధిలోంచి వచ్చినట్టు. సగంలో ఒక స్వరం చిట్లిపోయింది. ఆయన ఆగి, ఊపిరి తీసుకుని, అక్కడినుంచే ఇంకా మెల్లగా ఎత్తుకున్నాడు. అదీ పాటలో ఒక మలుపేననే విన్నవాళ్ళు అనుకున్నారు. చివరి స్వరం ఎప్పుడు ఆగిందో, నిశ్శబ్దం ఎక్కడ మొదలైందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ హాల్లో ఇప్పుడు పాటలు గోడలోని స్పీకర్లలోంచి వస్తాయి, వాటిలో ఏ స్వరమూ చిట్లదు. జగిత్యాల అన్న ఎక్కడో దూరాన దుక్మ్ రేవులో కంపెనీ సైట్‌కు మారిపోయాడు. ఆయనకు చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది. అక్క పెళ్ళయి వెళ్ళిపోయింది. నేను కాస్త మాట్లాడటం నేర్చుకున్నాను, కానీ ఎవరైనా మాట్లాడలేక నిలబడితే ఓపికగా ఎదురుచూసే మనుషులు తగ్గిపోయారనిపిస్తుంది.

మాస్టారు దేశానికి వెళ్ళే ఉదయం మూడో బంతి కూడా లేపి చూపించాడు. లిఫ్టు దాకా చక్రాల కుర్చీ తోసుకెళ్ళాను. తలుపులు మూసుకునే ముందు, సాక్సోఫోన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నా వైపు చూసి అన్నాడు: "ఈసారి గ్లాసులో పుల్ల కనిపిస్తే ఒక్క మాట అడిగి తియ్యమ్మాయ్. కళ్ళు మూసుకున్నవాళ్ళంతా నిద్రపోతున్నట్టు కాదు."