యాదయ్యను నేను క్షమించిన రోజు

ఒక మనిషి నా తప్పును తన తప్పనుకుని ఇరవై ఏళ్లకు పైగా బతికాడు. నేను బతకనిచ్చాను. నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే అతని గుండెల మీది బరువు దిగిపోయేది. చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా వినడానికి అతను లేడు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. కర్నూలు జిల్లా నుంచి వచ్చి మాదాపూర్‌లో ఒక పటాల ఆఫీసులో చేరాను. పరాయి దేశాల కాగితపు పటాలను కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. ఒకే ఎత్తున్న చోట్లన్నిటినీ కలుపుతూ కొండల చుట్టూ గీతలు ఉంటాయి. వాటి మీద మౌసుతో దిద్దుకుంటూ పోవాలి. గీతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే నిటారు, ఎడంగా ఉంటే మెత్తటి వాలు. దిద్దేవాళ్ల తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఎర్రటి సున్నా చుట్టి వెనక్కి పంపేవాణ్ని. నా కన్నుగప్పి ఏ తప్పూ పోలేదని ఆఫీసంతా పేరు. ఆ పేరంటే నాకు ప్రాణం. చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఇంకొకరి తప్పు దొరికిన రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ని.

ఆ పటాలు మా దగ్గరికి అంచులు కత్తిరించి వచ్చేవి. అడుగున అచ్చువేసి ఉండే కొలతలూ సూచనలూ మాకు కనబడేవి కావు. గీతకూ గీతకూ మధ్య ఎత్తు ఇరవై అడుగులని మేనేజరు మొదటి రోజే చెప్పాడు. రెండేళ్లు అదే లెక్క. పటం అంచు చదవాలన్న ఆలోచనే మాకు పోయింది.

నా పక్క సీటు మధుది. సిద్దిపేట వైపు మనిషి. నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అన్నా అనేవాడు. లావు టైర్ల సైకిళ్లు అప్పుడప్పుడే రోడ్ల మీద కనబడుతున్నాయి. మధు ఒకటి కొన్నాడు, వాణ్ని చూసి నేనూ కొన్నాను. రోజూ ఎవరివో కొండలు దిద్దుతున్నాం, మనకంటూ ఒక్క కొండైనా ఎక్కి దిగొద్దా అని మధు పోరు పెట్టాడు. సైకిళ్లు రైల్లో వేసుకుని వికారాబాద్ దాకా పోయి, అనంతగిరి గుట్టల్లో రెండు రోజులు తిరిగి రావాలని అనుకున్నాం. మేమిద్దరం అటు పోయి ఎరగం. దారి చూసే పని నేను తీసుకున్నాను. ముందొకసారి బస్సెక్కి పోయి చూసి వద్దామని మధు అన్నాడు. అనవసరంగా ఒక ఆదివారం పోతుందని నేనే వద్దన్నాను. పటం చేతిలో ఉండగా పోయి చూసేదేముంది?

సర్వే వాళ్ల పటం ఒకటి సంపాదించాను. వారం రోజులు మధ్యాహ్నం భోజనం పక్కన పెట్టి దాని మీదే కూర్చున్నాను. గుట్ట మీది అడవిలోంచి కింది ఊరికి దిగే బండ్లబాట ఒకటి కనబడింది. కిలోమీటరు బాటలో ఆరు గీతలు. అంటే నూట ఇరవై అడుగులు. అప్పట్లో మా కిటికీలోంచి కనబడే పదంతస్తుల గుండ్రటి భవనమంత. అంత ఎత్తు కిలోమీటరు పొడుగునా దిగడమంటే పెడలు తొక్కకుండా కూర్చుంటే చాలని మధుకు చెప్పాను. నేను చెప్పాక వాడు మళ్లీ ఎందుకు అడుగుతాడు?

అడిగింది ఒక్క యాదయ్యే. రాయదుర్గం రోడ్డు పక్కన రేకుల నీడలో అతని సైకిల్ షాపు ఉండేది. ఖాజాగూడ మనిషి, అప్పటికే యాభై దాటాయి. వంకర పోయిన చక్రాన్ని తిప్పి, కళ్లు మూసుకుని దాని చప్పుడు వినేవాడు. ఆ తర్వాతే పానా పట్టేవాడు. చుట్టుపక్కల రాళ్లు పగలగొట్టి భవనాలు కడుతున్న కూలీల సైకిళ్లన్నీ ఆ చేతుల కిందికే వచ్చేవి. బయల్దేరడానికి రెండు రోజుల ముందు మా సైకిళ్లు అతని దగ్గరికి తీసుకుపోయాను. మధు సైకిలు బ్రేకు రబ్బర్లను వేలితో తడిమి నావైపు చూశాడు.

“గుట్ట దిగుడు ఎట్లుంటది సారూ? నిటారుగుంటే చెప్పు, కొత్త రబ్బర్లు తెప్పించి ఏస్త. ఇవి జర అరిగినయి.”

“అంత దిగుడేం లేదు యాదయ్యా. మన మాదాపూర్ రోడ్డు మాదిరే.”

“పొయ్యి చూసొచ్చినవా?”

“పోవాల్సిన పని లేదు. పటంలో లెక్కేసినా.”

“పటంల ఎత్తు గూడ తెలుస్తదా?”

“అదే కదా మా పని.”

అతను నా ముఖంలోకి ఒక క్షణం చూశాడు. చదువుకున్నవాడు చెబుతున్నాడు, కాదనేదేముంది అనుకున్నట్టు తలూపాడు. సరే, గట్లయితే ఫికర్ లేదు అని ఆ పాత రబ్బర్లనే బిగించాడు.

ఆ బాటలో మొదటి మలుపు దాకా అంతా నేను చెప్పినట్టే ఉంది. మలుపు తిరిగాక కాళ్ల కింద నేల జారిపోయినట్టయింది. గులకరాళ్లు, వాన కోసిన గండ్లు, ఎదురుగా ఆకాశం. నేను వెనకున్నాను కాబట్టి వేగం అందుకోకముందే భయపడి దూకేసి సైకిలు పక్కన పడేశాను. మధు ముందున్నాడు. వాడు దూకలేకపోయాడు. నేను పరిగెత్తుకుంటూ పోయేసరికి రెండు బండల మధ్య పడి ఉన్నాడు, కుడికాలు ఉండాల్సిన వైపు లేదు. కాలిన రబ్బరు వాసన వస్తోంది. కింది ఊరివాళ్లు మంచం తెచ్చి మోసి, ట్రాక్టరులో వేసి రోడ్డు దాకా చేర్చారు. నగరంలో దవాఖానకు వచ్చేసరికి సాయంత్రమైంది. తొడ ఎముక విరిగింది. మోకాలు నుజ్జయింది.

మర్నాడు పొద్దున గదికి పోయి పటం తీశాను. నా లెక్క సరిగ్గానే ఉందని చూసుకోవడానికి తీశాను, నిజం చెబుతున్నాను. అడుగున అంచులో చిన్న అక్షరాల్లో ఉంది. గీతల మధ్య ఎత్తు ఇరవై మీటర్లు. మీటర్లు. ఆరు గీతలంటే నూట ఇరవై మీటర్లు, దాదాపు నాలుగు వందల అడుగులు. నేననుకున్నదానికి మూడింతలకు పైగా నిటారు. ఆఫీసులో ఎవరైనా ఈ తప్పు చేసి ఉంటే నేనేం చేసేవాణ్నో నాకు బాగా తెలుసు. ఎర్రటి సున్నా చుట్టి పదిమందికీ చూపించేవాణ్ని. నా తప్పుకు నేనేం చేశాను? బ్లేడు తీసుకుని ఆ అంచును నిలువునా కోసేశాను. ఎవరూ అడగలేదు, ఎవరూ అడిగేవారు కూడా కాదు. అయినా కోశాను.

ఆ సాయంత్రమే యాదయ్య దవాఖానకు వచ్చాడు. రెండు బస్సులు మారి, తువ్వాలులో బత్తాయిలు మూటకట్టుకుని వచ్చాడు. మంచం దగ్గర నిలబడి మధు కాలు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

“తప్పు నాదే సారూ. అరిగినయని తెలిసి గూడ మార్చకపోతిని. పోరగాని కాలు నా చేతుల్ల పాయె.”

అప్పటికి నాకు తెలుసు. పొద్దుటి నుంచీ తెలుసు. ఒక్క వాక్యం. “నేను నీకు తప్పు చెప్పాను యాదయ్యా.” అంతే అనాలి. మధు వింటున్నాడు. వాడి అమ్మ వింటోంది. నా గొంతు దాకా వచ్చిందా ఆ మాట? వచ్చిందని ఇన్నాళ్లూ నన్ను నేను సమాధానపెట్టుకున్నాను. ఇప్పుడు నిజాయితీగా ప్రశ్నించుకుంటే రాలేదనే అనిపిస్తోంది. అతను ఆ తప్పును తనంతట తానే నెత్తికెత్తుకునేసరికి నాకు కలిగింది జాలి కాదు, ఊపిరి ఆడినట్టయింది.

అతని భుజం మీద చెయ్యి వేసి, జరిగిందేదో జరిగింది, నిన్ను మేమెవ్వరం ఏమీ అనుకోవడం లేదు, మనసులో పెట్టుకోవద్దు అన్నాను. అతను నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఏడ్చాడు. మా అమ్మ పోయినప్పుడు కూడా నా చెయ్యి ఎవరూ అట్లా పట్టుకోలేదు. చూశారా? అతణ్ని నేను క్షమించాను. అంచు కొయ్యడం భయంతో చేసిన పని అనుకోవచ్చు. ఈ క్షమించడానికి మాత్రం నా దగ్గర ఏ పేరూ లేదు.

కొత్త రబ్బర్లు వేసి ఉంటే మధు ఆగేవాడా అని ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ దిగుడులో బహుశా అవీ నిలిచేవి కావు. అంటే యాదయ్య తప్పు ఆ కాస్త కూడా లేదు. నిటారని తెలిసి ఉంటే అతనే మధును కూర్చోబెట్టి, అక్కడ దిగి నడవమని చెప్పి పంపేవాడు. పని తెలిసిన మనిషి అడగాల్సిన ప్రశ్న అడిగాడు. జవాబు చెప్పిన మనిషికి పని తెలియదు.

ఆ తర్వాత అతను పంక్చర్లు వేసేవాడు, చైన్లు బిగించేవాడు. బ్రేకు పని వస్తే మాత్రం వేరే షాపుకు పొమ్మనేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను. ఇగ నా చేతుల మీద నాకు భరోసా లేదు సారూ అన్నాడు. నేను తలవంచుకుని వచ్చేశాను. ఏడాదికల్లా షాపు తీసేసి, కొత్తగా లేచిన ఒక భవనం గేటు దగ్గర కాపలాకు చేరాడు. అటు పోయినప్పుడల్లా మధు సారు కాలు ఎట్లుంది అని అడిగేవాడు. కొన్నాళ్లకు నేను ఆ దారి మానేశాను.

మధు కుంటుతూనే సిద్దిపేట వెళ్లిపోయాడు. ఇప్పటికీ పండగలకు ఫోన్ చేస్తాడు. వాడికీ చెప్పలేదు. మీకు చెప్పాక వాడికి చెప్పడం కొంత సులువవుతుందేమోనని మీతో మొదలుపెట్టాను.

పోయిన నెల ధైర్యం చేసి యాదయ్యను వెతుక్కుంటూ పోయాను. ఖాజాగూడలో ఇల్లు లేదు, కుటుంబం బాచుపల్లిలో కూతురి దగ్గరుందని చెప్పారు. అక్కడికి పోతే అతని భార్య అంజమ్మ ఉంది. యాదయ్య పోయి రెండేళ్లయిందట. అప్పట్లో షాపు దగ్గర చూసిన మనిషే, నన్ను గుర్తుపట్టింది. కుర్చీ వేసి చాయ్ ఇచ్చింది. ఆయనకు మీరంటే మస్తు గౌరవం, ఒక్క మాట అనకుండ మాఫ్ చేసిండ్రని అందరితో చెప్పేటోడు అంది.

“ఆ సారు కాలు బాగైందా బిడ్డా? పొయ్యేముందు గూడ గదే రంది పెట్టుకున్నడు.”

“బాగైందమ్మా” అన్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

అక్కడ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. యాదయ్య చేతుల్లో ఏ తప్పూ లేదు. వాలు ఎంతని అతను అడిగాడు, నేను తప్పు చెప్పాను, తెలిశాక దాచాను. ఈ నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టడం నాకిదే మొదటిసారి. పెట్టాక నాకు కొంచెం తేలికగా ఉంది. ఈ తేలిక అతనికి అందాల్సింది.