ఊచలున్న కిటికీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్నప్పుడూ లేదు. నీటిపారుదల శాఖలో నక్షలు గీసి రిటైరయినవాణ్ణి. కొలతకు దొరకనిది నక్షలో పెట్టకూడదని నేర్చుకున్నాను. అలాంటిది ఒకటి మాత్రం నా దగ్గర మిగిలిపోయింది. ఆ రోజే డైరీలో రాసుకున్నాను కనుక వివరాల్లో తేడా లేదు.

డెబ్భైల చివరి మాట. మా చిన్నాయన కొడుకు రాజయ్యది పరకాల పక్కన పల్లె. అతని కూతురు సరోజకు ఆరేళ్లు. పిల్ల మెడ మీద గడ్డలు లేచాయి. ఊళ్లో పసరు పూశారు, వాతలు పెట్టారు. చివరికి వరంగల్ దవాఖానలో చూసి కాన్సర్ అన్నారు. మందు హైదరాబాదులోనే దొరుకుతుందన్నారు. నెలనెలా చెప్పిన రోజుకు వెళ్లి సూది వేయించాలి. తప్పితే గడ్డలు మళ్లీ లేస్తాయని అక్కడి డాక్టరు గట్టిగా చెప్పాడు. బస్సెక్కితే పిల్లకు వాంతులు. అందుకని కాజీపేటలో పొద్దుటి పాసింజరు ఎక్కేవాళ్లం. తల్లి బాలింత కావడంతో రాజయ్యకు తోడు నేను వెళ్లేవాణ్ణి.

ఆ రోజు ప్లాట్‌ఫారం మీద కాలు మోపే సందు లేదు. బండి ఆగగానే జనం తలుపుల మీద పడ్డారు. ఆ కాలంలో కొన్ని పెట్టెల కిటికీలకు ఊచలుండేవి కావు. పిల్లల్ని కిటికీలోంచి అందించి పెద్దలు తలుపు నుంచి ఎక్కడం మామూలే. రాజయ్య సరోజను ఒక కిటికీకి ఎత్తాడు. లోపలి నుంచి ఎవరో అందుకున్నారు. పిల్ల పచ్చ గౌను లోపలికి వెళ్లడం నా కళ్లతో చూశాను.

ఆ పెట్టె తలుపులో మాకు చోటు దొరకలేదు. బండి కదిలింది. పరుగెత్తి పక్క పెట్టె పట్టుకుంటే ఎవరో లోపలికి లాగారు. అక్కడే ఇరుక్కుపోయాం. చేయి పైకెత్తితే మళ్లీ దించే చోటు లేదు. పెట్టెల మధ్య దారి లేదు.

రఘునాథపల్లిలో దిగి మారదామనుకుంటే, దిగేవాళ్ల కంటే ఎక్కేవాళ్లు ఎక్కువ. మమ్మల్ని ఇంకా లోపలికి తోశారు.

“జర జరుగుండ్రయ్యా! నా బిడ్డ పక్క పెట్టెల ఒక్కతే ఉన్నది!” అని రాజయ్య అరిచాడు.

“యాడికి జరుగుడే? నా కాలేదో నీ కాలేదో నాకే తెలుస్తలేదు,” అన్నాడొక ముసలాయన. అందరూ నవ్వారు. రాజయ్య ఏడ్చాడు.

జనగామలోనూ అంతే. భువనగిరిలో కొంత జనం దిగాక బయటపడి పరుగెత్తాం.

సరోజ అదే కిటికీ పక్కన కూర్చుని ఉంది. మా ప్రాణం లేచొచ్చింది. ఊపిరి తీసుకున్నాకే చూశాను. కిటికీకి ఊచలున్నాయి. ఆ పెట్టెలో ప్రతి కిటికీకీ ఉన్నాయి. ఒక్కొక్కటే పట్టుకుని గుంజాను, కదల్లేదు. రెండు ఊచల మధ్య నా చేయి పట్టింది కానీ భుజం దగ్గర ఆగిపోయింది. మేం పెట్టె పొరబడలేదు. కాజీపేటలో చూసిన, కిటికీ కింద రంగు లేచిన చోటు అలాగే ఉంది.

ఎదురుగా గాజుల మూటతో కూర్చున్న ఆమెను, పిల్లను ఎవరు అందుకున్నారని అడిగాను.

“ఎవలు అందుకున్నరయ్యా? నేను కాజీపేటల ఎక్కెటాల్లకే ఈ పోరి ఈడ కూసున్నది. నీతాన ఎవలున్నరే అంటె, బాపు బయట ఉన్నడన్నది. పసిదాన్ని ఇడిసిపెట్టి ఎటు పోయిండ్రు? సిగ్గు లేదా?” అని మమ్మల్నే తిట్టింది.

సూది పడింది. తర్వాత దవాఖాన వరండాలో రొట్టె తింటూ సరోజే చెప్పింది. ఎక్కేటప్పుడు తొక్కిడిలో చేయి జారిందట. జనం తోసుకుంటూ తలుపులోంచి లోపల పడేశారట.

“నేను లోపట్నే ఉన్న బాపూ. నువ్వు బయట ఎవల్నో ఎత్తుకున్నవు. నేను కాదు, నేను కాదు అని మొత్తుకున్న. నువ్వు ఇనలె. పెద్దబాపు సుత ఇనలె,” అంటూ నన్ను చూపించింది.

మేం ఎత్తిన పిల్లను లోపల ఎవరు అందుకున్నారని అడిగితే తల అడ్డంగా ఊపింది.

రాజయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. “బరువున్నదే అన్నా. నా బిడ్డ బరువే,” అన్నాడు.

మరొకరి పిల్లను ఎత్తుకున్నాడేమోనని ఆలోచించాను. అలా అయినా ఊచల దగ్గర ఆలోచన ఆగిపోతుంది.

భయపడి ఆ బండి మానుకుందామంటే, మందు మరెక్కడా లేదు. నెల తిరగగానే మళ్లీ అదే ప్లాట్‌ఫారం. రాజయ్య కండువాతో బిడ్డను నడుముకు కట్టుకున్నాడు. “మాట్లాడు బిడ్డా, నోరు మూయకు,” అంటూనే ఉన్నాడు. సరోజ తోచిందల్లా మాట్లాడుతూ బండెక్కింది. వైద్యం ముగిసేదాకా అట్లాగే వెళ్లాం.

సరోజ బతికింది. ఆ పొద్దు కిటికీలోంచి మేం ఎవరిని ఎక్కించామో, ఆ బిడ్డ ఏ స్టేషన్లో దిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను.