లెక్కకి నాలుగో కాలు

మా నాన్న పడవలు చేసే వడ్రంగి. కొత్త కాలవ తవ్వించే దొర దగ్గర బొమ్మలు తీసే పెట్టె ఒకటి ఉండేది. మా రేవులో సామాను దింపుతుంటే దాన్ని నిలబెట్టే మడత కాళ్ళు విరిగిపోయాయి. కొత్తవి చేసిపెడితే నాన్న బొమ్మ గాజుపలక మీద తీసిస్తానన్నాడు దొర. అమ్మ సంబరం ఇంతా అంతా కాదు. నాన్న కాశీకి బయలుదేరబోతున్నారు. ఆ రోజుల్లో కాశీకి వెళ్ళిన మనిషి తిరిగొస్తాడన్న నమ్మకం ఎవరికీ ఉండేది కాదు. చూసుకోవడానికి ఆ ముఖమైనా ఇంట్లో ఉండాలని ఆవిడ ఆశ.

ఆ పెట్టెకి ఉన్నవి మూడే కాళ్ళు. నాన్నకి అదే నచ్చలేదు. మూడు అచ్చిరాదని, మా వైపు ముగ్గురు కలిసి ప్రయాణం కడితే నాలుగో మనిషి కింద ఓ రాయి పట్టుకెళతారు. అలాంటిది కాశీ ప్రయాణం ముందు మూడు కాళ్ళ వస్తువు చేస్తారా ఆయన? నాలుగు చేశారు. పని మాత్రం ముచ్చటగా ఉంది. ఒక్కో కాలూ మధ్యకి మడుచుకుంటుంది. అన్నీ దగ్గరికి చేరిస్తే చంకలో ఇమిడిపోతాయి.

తీరా బయలుదేరే రోజు పొద్దున్న కాలవ గట్టు మీద నిలబెడితే, ఎటు జరిపినా ఒక కాలు గాలిలోనే. పెట్టె ఊగింది. పలక మీద నాన్నకి రెండు ముక్కులు వచ్చాయి. నాకు నవ్వాగలేదు గానీ అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవతల పడవవాడు తొందరపెడుతున్నాడు.

“ఒక కాలు తీసెయ్,” అన్నాడు దొర.

“అదొక్కటీ అడక్కండి దొరగారూ.”

అమ్మకి ఒళ్ళు మండింది. “మన పొయ్యికి రాళ్ళెన్నండీ? మూడేగా! ఎగుడుదిగుడు నేల మీద పెట్టినా కుండ ఎప్పుడైనా ఒలికిందా? ఆ అన్నం వద్దని ఎప్పుడైనా లేచిపోయేరా మీరు?”

నాన్న ఆలోచనలో పడ్డారు. ఒక కాలిని మడిచి పైకి కట్టేశారు. మిగతా మూడింటి మేకులూ ఊడదీసి, చుట్టూ సమాన దూరంలో మళ్ళీ బిగించారు. నాలుగోది నేలకి తగలకుండా వేలాడింది.

“ఆయ్, లెక్కకి నాలుగే కదండీ,” అన్నారు, మహా పెద్దమనిషిలా.

పెట్టె కదల్లేదు. నాన్న ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బొమ్మ కుదిరింది. దాన్ని అమ్మ చేతిలో పెట్టి పడవెక్కారు.

ఆయన తిరిగి వచ్చారు. చిక్కిపోయి, గడ్డం పెరిగి, అరుగు మీద కూలబడి కాశీ కబుర్లు ఆపకుండా మొదలుపెట్టారు. అమ్మ గాజుపలక తెచ్చి ఆయన ముఖం పక్కన పెట్టి చూసింది.

“కాసేపు కదలకుండా కూర్చోండి,” అంది. “ఇన్నాళ్ళూ దీన్నే చూసేను. మిమ్మల్ని చూసుకోవాలి.”