కుట్లు లేని కన్ను

మా పెదనాయనకు తన కంటి కుట్లంటే మహా గర్వం. నల్లగుడ్డు మీది పొర చెడిపోతే, చాలా ఏళ్ల కిందట పొర మొత్తం కోసి తీసి, చనిపోయినవాళ్ల కంటి నుంచి తెచ్చింది పెట్టి చుట్టూ కుట్టారు. ఆ కుట్లు ఒక్కొక్కటే తీయించుకోవడానికి ఏడాదికి పైగా ఆస్పత్రి చుట్టూ తిరిగాడు. అంత తిరిగినా చీర అంచు ఆయనకు వంకరగానే కనబడుతుంది. ఆ కంటితోనే తన సొంత మగ్గాల దగ్గర కూర్చుని నేసేవాళ్లకు వంకలు పెడతాడు. మా ధర్మవరంలో ఇలాంటి పెద్దమనుషులకు కొదవ లేదు. ఒకసారి ఆపరేషన్ బల్ల ఎక్కి దిగినవాడల్లా సగం డాక్టరే.

మా అమ్మ అచ్చులు అతికేది. అంటే మగ్గం మీద అయిపోవచ్చిన పడుగు పోగులకు కొత్త పోగులు కలపడం. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి పురిపెడితే చాలు, ముడి అక్కర్లేదు. ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది కాబట్టి ఆ పనంతా కుడి కంటితోనే. శుక్లం తీయించుకున్నాక ఆ ఒక్క కన్నూ మసకబారింది. పని ఆగిపోయిన రోజు నుంచి అమ్మ అన్నం సరిగా తినలేదు.

"ఇప్పుడు పొర మొత్తం మార్చే పని లేదు. లోపలి పల్చటి పొర ఒక్కటి మారిస్తే చాలు, చూపు కూడా తొందరగా వస్తుంది" అన్నది డాక్టరమ్మ. ఆ పొరను కుట్టరు. దాని కింద గాలిబుడగ పెడితే అదే పైకి నెట్టి అతికిస్తుంది. అందుకే బుడగ కరిగేదాకా వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉండాలి. ఇంతే. చిన్నపిల్లకు చెప్పినా అర్థమవుతుంది.

ఆపరేషన్ చేయించి అమ్మను ఇంటికి తెచ్చిన మర్నాడే పెదనాయన పరామర్శకు వచ్చాడు. గడపలో ఆయన దగ్గు వినగానే అమ్మ లేచి కూర్చుంది. బావగారి ముందు కాళ్లు చాపుకుని పడుకున్న కోడలు మా వంశంలో లేదట. నేను వంటింట్లోంచి కాఫీ తెచ్చేసరికి అమ్మ నెత్తిన కొంగుతో తల వంచుకుని కూర్చుంది. ఆయన తన కుట్ల పురాణం చెబుతున్నాడు.

"అమ్మను పండుకోనీ పెదనాయనా! పొర జారిపోతాది" అని అరిచాను.

"పెద్దోళ్లొస్తే పండుకుంటారా పాపా? అయినా కుట్లే యేయలేదంట. కుట్టకుండా పొర యాడ నిలుస్తాది? మిమ్మల్ని బాగా మోసం చేసినారు."

ముడి లేకుండా అతికిన పోగుల మీద మేడ కట్టిన మనిషి అన్న మాట అది. అసహ్యం వేసింది. తెచ్చిన అరటిపళ్లు అక్కడ పెట్టి, కాఫీ పూర్తిగా తాగి మరీ వెళ్లాడు.

తెల్లారేసరికి అమ్మకు అంతా తెల్లగా కనబడుతోంది. పొర ఒక పక్క ఊడింది. డాక్టరమ్మ మళ్లీ గాలి ఎక్కించి, "ఈసారీ నిలవకపోతే ఇంకొకరి కన్ను కావాలి. అది ఎప్పుడు దొరుకుతుందో నేను చెప్పలేను" అంది. దారి పొడవునా అమ్మ బస్సులో నా ఒడిలో తల పెట్టి వెల్లకిలా పడుకుంది.

పెదనాయనకు సిగ్గనేది ఉంటే కదా! కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. "నేను చెప్పలేదా?" అనడానికే వచ్చాడని నా నమ్మకం. అప్పటికి బుడగ చాలావరకు కరిగింది. గడపలో దగ్గు వినబడింది. అమ్మ చేతులు మంచం పట్టెను పట్టుకున్నాయి. లేస్తుందేమోనని నేను పరుగెత్తుకుని వచ్చాను.

అమ్మ లేవలేదు. "బావా, నేను లేసేదిల్లేదు. చూడాలంటే మీరే ఈడికొచ్చి వంగల్ల" అంది.

కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ మనిషి ముందు తలెత్తని అమ్మ! ఆయన నా వైపు చూశాడు. నేను కుర్చీ కూడా వేయలేదు. చివరికి మోకాలు పట్టుకుని, మూలుగుతూ ఆమె ముఖం మీదికి వంగాడు. అమ్మ రెప్ప వేయకుండా చాలాసేపు చూసింది.

"ముక్కు పక్కన పులిపిరి ఉండాదే బావా మీకు! ఇన్నేండ్లూ నాకు తెలీనే తెలీదు."