అమ్మకు కడసారి నీళ్లు

ఆస్ట్రేలియాలో, టూవూంబాలోని మా ఇంటికి మొదటిసారి వచ్చిన తెలుగువాళ్లు ఎవరైనా సరే, టీ తాగి లేచేలోపు ఒక మాట అనకుండా వెళ్లరు. "మీరు తెలుగు భలే మాట్లాడతారండీ" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. మాది పల్నాడు. తాతముత్తాతల నుంచి దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన కుటుంబం. నూర్‌బాషాలం, ఊళ్లో దూదేకులవాళ్లంటారు. నమాజు చేస్తాం, రంజాన్‌కి ఉపవాసాలుంటాం, తిట్టుకున్నా ఏడ్చినా తెలుగులోనే. మసీదుకెళ్తే అక్కడ ఇంకో తంటా. ఆడవాళ్ల గదిలో ఎవరో ఒకరు ఉర్దూలో పలకరిస్తారు. రాదని చెప్తే, ఉర్దూ రాని ముస్లింలు కూడా ఉంటారా అన్నట్టు ఎగాదిగా చూస్తారు. ఇటూ సంజాయిషీ, అటూ సంజాయిషీ. ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ నా బతుకంతా ఇదే.

అమ్మకి ఈ గోల లేదు. నాన్న పోయాక నా దగ్గరికి వచ్చేసింది. ఎవరికీ ఏమీ సంజాయిషీ చెప్పుకోలేదు. కాకపోతే ఈ ఊళ్లో కారు లేనివాళ్లకి కాళ్లు లేనట్టే. నేను బడికి, మా ఆయన ఆఫీసుకి, పిల్ల స్కూలుకి పోతే ఆవిడ నాలుగ్గోడల మధ్య ఒక్కతే. చలికాలం వస్తే మరీ అన్యాయం. కొండమీద ఊరు కదా, పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకుని ఉండేది. అమ్మ శాలువా కప్పుకుని కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూసేది. వీధిలో కుక్కని తిప్పేవాళ్లు తప్ప ఎవరూ కనిపించేవాళ్లు కాదు.

అలాంటి వీధిలో ఒకరోజు చీర కట్టుకున్న మనిషి కనిపించింది. అమ్మ చెప్పులేసుకుని గబగబా బయటికెళ్లింది. ఆవిడ మాకు రెండు వీధుల అవతల ఉండే డాక్టరుగారి తల్లి, భీమవరం వైపువాళ్లు. మనవాళ్లేనాండీ అని ఆవిడ అడిగితే, తెలుగోళ్లమే, తురకోళ్లం అని అమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసిందట. ఆవిడ, అయితే ఏవైందండీ, మా పెరట్లో కరివేపాకుంది, పట్టుకెళ్తారా అందట. అలా మొదలైంది. నేను ఆంటీ అనేదాన్ని. వాళ్లిద్దరూ మాత్రం వదినా అంటే వదినా అనుకునేవాళ్లు. మొదట్లో ఆంటీ మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. ఏడాది తిరిగేసరికి అమ్మ పెట్టిన టీలో అల్లం ఎక్కువైందని వంకలు పెట్టేదాకా వచ్చింది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక వెనక వరండాలో ఎండలో ఇద్దరూ చేరేవాళ్లు. బెండకాయలు తరిగేవాళ్లు, చింతపండు గింజలు తీసేవాళ్లు. ఆంటీకి కథల పిచ్చి. మీ దేవుడి కథ చెప్పండి వదినగారూ అని అడిగేది. దేవుడికి కథలుండవు వదినా, ఆయనకి పుట్టుకా లేదు, చావూ లేదు, రూపమూ లేదు, ప్రవక్తగారి కథ చెప్తాను వినండి అని అమ్మ మొదలుపెట్టేది. అమ్మకి చదువు రాదు. ఆ కథలన్నీ మా అమ్మమ్మ పరుపులు కుడుతూ చెప్పినవి. తండ్రి మొహం ఎరగని బిడ్డ. ఆరేళ్లకే తల్లి పోయింది. తాత చేరదీస్తే ఆయనా పోయాడు. చివరికి పెదనాన్న తన పిల్లలతోపాటు పెంచాడు. ఆయనేమీ కలిగినవాడు కాదు. ఇంటి నిండా పిల్లలు, చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు. ఇదంతా అమ్మ మా పల్నాటి ఇంట్లో నిన్నో మొన్నో జరిగినట్టు చెప్పేది.

ఆంటీకి ఆ పెదనాన్న బాగా నచ్చేశాడు. ఊరు ఊరంతా ఒకటై, మీ తమ్ముడి కొడుకు మన దేవుళ్లని కాదంటున్నాడు, వాణ్ణి మాకు అప్పగించెయ్యమని మీదికొస్తే, ఆయన అప్పగించలేదు. వాళ్ల కులమంతటినీ వెలివేశారు. కొండసందులో పడి ఉన్నారు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే ఆకులు తిన్నారు. రాత్రిళ్లు ఎవడైనా వచ్చి చంపిపోతాడేమోనని, పడుకున్న ప్రవక్తని లేపి ఆయన పక్కలో తన కొడుకుని పడుకోబెట్టేవాడట ఆ పెద్దాయన. ఇక్కడికి రాగానే ఆంటీ కత్తిపీట పక్కన పెట్టేసేది.

"కన్నకొడుకునా వదినగారూ?" అనేది, మొదటిసారి వింటున్నట్టు.

ఆ పెద్దాయన ఆఖరికి మీ మతం పుచ్చుకున్నాడా అని కూడా ప్రతిసారీ అడిగేది. లేదు వదినా, మా పెద్దల దారిలోనే పోతానన్నాడు, అలాగే పోయాడు అని అమ్మ చెప్పేది. మరి ఆయనకి పైలోకంలో ఏమైంది అనేది ఆంటీ. అది దేవుడికే తెలియాలని అమ్మ చింతపండు మీదికి వంగేది.

నేను హైస్కూల్లో చరిత్ర చెప్తాను. ఎనిమిదో క్లాసుకి ఇస్లాం పుట్టుక, తొలి సామ్రాజ్యాలు నా పాఠమే. పొలాల వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలకి బోర్డు మీద మ్యాపు వేసి బాణాలు గీస్తాను. మక్కా, మదీనా, అక్కణ్ణుంచి డమాస్కస్, తర్వాత బాగ్దాద్. ప్రవక్త పోయి నూరేళ్లు తిరిగేసరికి ఒకవైపు స్పెయిన్, ఇంకోవైపు సింధు. పిల్లలకి బాణాలంటే ఇష్టం, ఎవరు గెలిచారో తెలిసిపోతుంది కదా. ఇంటికొచ్చాక నాకు నోరు ఊరుకోదు. ఒకరోజు వరండాలో వాళ్ల మధ్యన కూర్చుని నా పాండిత్యమంతా ఒలకబోశాను. మీరు చెప్పుకునే ఈ కథలు పుస్తకాల్లోకి ఎక్కింది బాగా తర్వాత, ఎక్కువగా బాగ్దాద్ పాలకుల కాలంలో. ఆ పాలకులు ప్రవక్తగారి ఇంకో బాబాయి సంతతి. ఆయన మతం పుచ్చుకున్నాడు. ఈ పెదనాన్న సంతతివాళ్లు గద్దె మాదంటూ వాళ్లకి పోటీకి వచ్చారు. పోటీవాళ్ల తాత చివరిదాకా మతం పుచ్చుకోలేదని చెప్పుకోవడం గద్దె మీదున్నవాళ్లకి పనికొచ్చే మాట. అందుకని దాన్ని అనుమానించే చరిత్రకారులున్నారు. ముస్లింలలోనే ఒక పెద్ద వర్గం ఆయన లోలోపల నమ్మాడనే అంటుంది. ఇలా చెప్పుకుంటూ పోతుంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ పాఠం నీ బడిలో చెప్పుకోవే. మమ్మల్ని పని చేసుకోనీ" అంది.

శనివారాలు మా అమ్మాయి మసీదులో క్లాసుకి వెళ్లేది. పదేళ్ల పిల్ల. తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఒక శనివారం ఆ పెద్దాయనకి పైలోకంలో ఏమైందని ఆంటీ మామూలుగా అడిగే వేళకి పిల్ల అక్కడే ఫోను చూసుకుంటూ కూర్చుని ఉంది. తలెత్తకుండానే, "హి ఈజ్ ఇన్ ద ఫైర్, ఆంటీ. జస్ట్ ద లైటెస్ట్ పార్ట్. టీచర్ టోల్డ్ అస్" అంది. అమ్మకి అర్థం కాలేదు. ఆంటీకి అయింది. పాపం, ఆయనకీ నరకమేనా అంది. నేను పిల్లని లోపలికి పంపించి ఏదో సర్దిచెప్పబోయాను. పర్వాలేదమ్మా అంటూ ఆవిడ మిగిలిన బెండకాయలు తరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

ఆ చలికాలంలోనే అమ్మకి జబ్బు బయటపడింది. కడుపులో. అప్పటికే చెయ్యి దాటిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసుకున్నాం. ఆంటీ పొద్దున వచ్చి సాయంత్రం దాకా మంచం పక్కనే ఉండేది. అమ్మ జుట్టు దువ్వేది, కాళ్లు పట్టేది, టీలో అల్లం తనే వేసేది. ఒకరోజు అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. మాలో మనిషి పోతే ఆడవాళ్లకి ఆడవాళ్లే కడసారి స్నానం చేయిస్తారు. ఆ స్నానం గురించే మాట్లాడింది.

"ఇక్కడోళ్లు ఎవరో నాకు తెలవదు. వాళ్ల భాషా తెలవదు. నువ్వుండాల, వదినుండాల. ఆమె చేత్తో నా మీద నీళ్లు పడాల. అంతే నే అడిగేది" అంది.

ఆంటీ అక్కడే ఉంది. అలాగే వదినగారూ, నేను పోస్తాను అంది. అమ్మ ఆ మాట విని కళ్లు మూసుకుంది. జీవితంలో నన్ను ఏమీ అడగని మనిషి. ఇది ఎలాగైనా జరిపించి తీరాలని నేను పంతం పట్టాను.

మసీదులో ఈ స్నానాల సంగతి చూసేది పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. కుదరదంది. స్నానం చేయించడం కూడా ఆరాధనే, ముస్లిం స్త్రీలే చెయ్యాలంది. నేను గొంతు పెంచాను. మా అమ్మ బతికుండగా మీలో ఎవరైనా ఆవిడ కాళ్లు పట్టారా, ఉర్దూ రాలేదని వంకర చూపులు చూడటం తప్ప ఏం చేశారు అని కడిగేశాను. ఆవిడ ఇమాంగారిని కనుక్కుని చెప్తానంది. రెండోరోజు ఫోను చేసింది. ఒంటిని కడిగేది మనమే, కానీ ఆవిడ పక్కన నిలబడి నీళ్లు అందించవచ్చు, నువ్వు అందుకుని పోస్తే ఇద్దరి చేతుల మీదుగా పోసినట్టవుతుంది అంది. గెలిచానని సంబరపడ్డాను. అమ్మకి చెప్తే నవ్వింది. ఆ నవ్వే ఆఖరుది.

అమ్మ ఒక తెల్లవారుజామున పోయింది. ఆలస్యం చెయ్యకూడదు కదా, మధ్యాహ్నానికే ఖననం. పొద్దున్నే మసీదు వెనక గదికి తీసుకెళ్లాం. కార్ పార్కులో ఆంటీ అప్పటికే వచ్చి నిలబడి ఉంది. తలంటుకుని, నూలు చీర కట్టుకుని, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని ఉంది. రండి ఆంటీ అన్నాను. కదల్లేదు.

"నేను రానమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. వాళ్లు ఒప్పుకున్నారు, మీకు చెప్పాను కదా అన్నాను.

"ఒప్పుకున్నారమ్మా, నాకు తెల్సు. ఆ పెదనాన్నగారు అంత చేశారు కదా. కొడుకుని తీసుకెళ్లి ఆయన పక్కలో పడుకోబెట్టారు. ఆయనకే నిప్పు తప్పలేదంటే, నా చెయ్యేపాటిదమ్మా? నా చెయ్యి తగిలి మా వదినగారికి అక్కడేవైనా తక్కువైతే? నా వల్ల అవ్వకూడదు" అంది.

పిల్ల మాట పట్టుకుంటారా అని విసుక్కున్నాను. అది కాదు ఆంటీ అంటూ మళ్లీ నా పాఠం ఎత్తుకున్నాను. ఆ చలిలో, కార్ పార్కులో, లోపల అమ్మ బల్ల మీద ఉండగా, బాగ్దాద్ పాలకుల గురించీ, పుస్తకాలు ఎప్పుడు రాశారో ఎందుకు రాశారో దాని గురించీ చెప్పాను. ఆవిడ ఓపికగా విన్నది. మధ్యలో నా కొంగు సరిచేసింది.

"నీకు చాలా తెల్సమ్మా. కానీ అక్కడ ఏం జరుగుద్దో నీకూ తెలీదు కదా?" అంది.

ఇంత చదువుకునీ తెలీదన్నాను. అయితే వద్దులేమ్మా, నువ్వెళ్లు, ఆలస్యం చెయ్యకు అంది. ఆవిడ మీద కోపం వచ్చింది. మా అమ్మాయి మీద, దానికి ఆ పాఠం చెప్పిన మనిషి మీద, అందరి మీదా కోపం వచ్చింది. కోపంతోనే లోపలికెళ్లాను.

పాకిస్తానీ పెద్దావిడా, నాకు పేరు తెలియని ఇద్దరు స్త్రీలూ పైన కప్పిన గుడ్డ తియ్యకుండానే అమ్మని కడిగారు. రేగాకు పొడి కలిపిన నీళ్లు కుడివైపు మొదలుపెట్టి పోశారు. ఎంత మెల్లగా చేశారో. నేను అన్న మాటలకి నా మీద కక్ష ఏమీ చూపించలేదు. అమ్మ జుట్టుని మూడు పాయలుగా అల్లారు. ఆంటీ కోసమని బకెట్ పక్కన ఉంచిన మగ్గుని ఆ పాకిస్తానీ పెద్దావిడ నా చేతికిచ్చింది. ఆఖరి నీళ్లలో కర్పూరం కలిపారు. గదంతా ఆ వాసన నిండింది. ఆంటీ ఇంట్లో రోజూ హారతిచ్చేటప్పుడు వచ్చే వాసన అదే. ముంచుకున్నదీ నేనే, పోసిందీ నేనే. నాకు ఏడుపు రాలేదు. పని సరిగ్గా జరుగుతోందా అని చూస్తూ ఉండిపోయాను.

మా పద్ధతిలో సంతాపం మూడు రోజులే. నాలుగో రోజు బడికెళ్లాను. బాగ్దాద్ పాఠం మిగిలి ఉంది, చెప్పేశాను. పిల్లలకి పరీక్ష కూడా పెట్టాను. ఆంటీ మాత్రం రాలేదు. పార్కింగులో విసుక్కున్నందుకు మనసు కష్టపెట్టుకుందేమోనని వారం గడిచాక ఒక సాయంత్రం నేనే వాళ్లింటికి వెళ్లాను. కోడలు తలుపు తీసింది. నన్ను చూడగానే గొంతు తగ్గించింది.

"అత్తయ్యగారు పూజగది తలుపు తియ్యట్లేదక్కా. దీపం పెట్టట్లేదు. ఎవర్నీ ముట్టుకోవట్లేదు. మైలంటున్నారు. బ్లడ్ రిలేషన్ కాదు కదమ్మా, మనకి మైలేంటి అని ఈయన ఎంత చెప్పినా వినట్లేదు" అంది.

ఆంటీ వెనక గదిలో చాప మీద కూర్చుని ఉంది. తలకి నూనె లేదు. దగ్గరికెళ్లబోతే ముట్టుకోవద్దని చెయ్యి చూపించి, అన్నం తింటున్నావా అని అడిగింది.

"మాకు మూడు రోజులే ఆంటీ. అయిపోయింది" అన్నాను.

"మీకైపోయిందమ్మా. నాకింకా అవలేదు" అంది.

అమ్మ పోయిన దగ్గర్నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆవిడ నన్ను ముట్టుకోలేదు, ఊరుకోమని కూడా అనలేదు. చీకటి పడేదాకా ఆ గదిలోనే ఉన్నాను.